బెజ్జం లేని మౌస్

ముప్పై ఏళ్లు మిర్చి యార్డులో కాటా గుమస్తాగా చేసినా ఎండుమిర్చి ఘాటుకు నా ముక్కు అలవాటుపడలేదు. నిన్న మధ్యాహ్నం ఎవరో మరమ్మతుకిచ్చిన మౌస్ మూత విప్పానో లేదో, వరసగా నాలుగు తుమ్ములు. కళ్లు తుడుచుకుంటూ, ఎదురుగా ఎవరూ లేకపోయినా, "సలోమి మేడం ఉంటే నవ్వేది" అన్నాను పైకే.

గుంటూరు మిర్చి గోదాముల్లోకి వైర్‌లెస్ మౌస్ తెచ్చింది నేనే. ఏ మౌస్ ఎక్కడ బతుకుతుందో, ఎక్కడ చస్తుందో జిల్లా మొత్తంలో నాకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. ఈ సంగతి పెళ్లిళ్లలో చెప్పాను, ఒకసారి పళ్ల డాక్టరు కుర్చీలో నోరు తెరిచి కూర్చుని కూడా చెప్పబోయాను. కాగితం మీద పెట్టేసరికి మాత్రం చెయ్యి ఆగుతోంది. ఒక గోదాముకి తెచ్చిన మాట నిజమే. అక్కడ వాటిని చంపిందీ నేనే. బతికించే దారి చూపింది సలోమి.

రిటైరయ్యాక ఇంట్లో కూర్చోలేక ఆమె కంప్యూటర్ దుకాణంలో చేరాను. అంతకుముందు ఆమె మిషన్ స్కూల్లో కంప్యూటర్ పాఠాలు చెప్పేది. వయసులో నాకు సగం. కస్టమర్ల ముందు నేను 'మేడం' అనేవాణ్ణి, వాళ్లు వెళ్లాక 'అమ్మాయ్'. కంప్యూటర్ క్షుణ్ణంగా వచ్చునని చెప్పి చేరాను. నాకు వచ్చింది ఆన్ చెయ్యడం ఒక్కటే, ఆపడానికి గోడకున్న స్విచ్చి నొక్కేవాణ్ణి. మొదటి సాయంత్రమే చూసేసింది. "బాబాయ్ గారూ, ఆఫ్ చెయ్యడం కూడా నేర్చుకుంటే జీతం పెంచుతాను" అంది.

ఆమెకో పద్ధతి ఉండేది. ఏదైనా అమ్మేముందు కొనేవాళ్ల చోటికి వెళ్లి, అక్కడి బల్ల మీద వేలితో ఒక గీత గీసి, ఆ వేలు చూసుకునేది. దాచేపల్లి వైపు వేలికి సిమెంటు బూడిద అంటేది, జిన్నింగ్ మిల్లులో దూది పీచు, వాడరేవులో ఉప్పు జిగురు. "ఇది మంచి వస్తువేనా అని అడక్కండి బాబాయ్ గారూ. ఎక్కడ మంచిది అని అడగండి" అనేది. నేను తల ఊపేవాణ్ణి. తల ఊపడంలో నాకు మంచి అనుభవం ఉంది.

వీరాంజనేయులు గారని కోల్డ్ స్టోరేజీ యజమాని. ఆయన పని చేజారితే మా దుకాణం షట్టర్ దించుకోవడమే. ఒకరోజు ఆయన ఫోన్ చేశారు. షెడ్డు వాకిట్లో లాట్ల లెక్కలు ఎక్కించే కంప్యూటర్ల వైర్లు తట్టుకుని, మిర్చి టిక్కీలు మోసే ముఠా కూలీలు ఆ బస్తాలతో సహా పడుతున్నారట. సలోమి తన తల్లి కంటి ఆపరేషన్‌కి ఒంగోలు వెళ్లింది. నేనే బయల్దేరాను, బల్ల మీద వేలు పెట్టకుండానే పన్నెండు మౌసులు అమ్మేశాను. "ముందువైపు ఛార్జింగ్ బెజ్జం ఉందండీ, వైరు గుచ్చి పని చేసుకుంటూనే నింపుకోవచ్చు. సెల్లులు కొనక్కర్లేదు. చేతిలో ఈకలా ఉంటుంది" అన్నాను. అందులో ఒక్క అబద్ధం లేదు.

పది రోజుల్లో పన్నెండూ మూలపడ్డాయి. బెజ్జాలు షెడ్డు గాలికి ఎదురుగా ఉండడంతో మిర్చి పొడి లోపలికంటా దట్టించుకుపోయింది. అక్కడి గుమస్తా మస్తాన్ వలి ఒకదాన్ని ముఖం దగ్గర పెట్టుకుని గట్టిగా ఊదాడు. పొడి ఎగిరి తిన్నగా కళ్లలో పడింది. గంటసేపు కుళాయి కింద తల పెట్టుకుని కూర్చున్నాడు. రెండోదాన్ని పిన్నీసుతో పొడిస్తే లోపలి సన్న నాలుక విరిగింది. బయట ట్రాక్టర్లు బారులు తీరి ఉన్నాయి.

వీరాంజనేయులు గారు మా ఇద్దర్నీ పిలిపించి, పాడైన మౌసుల సంచీని బల్ల మీద బోర్లించారు. "ఏమయ్యా, ఈక అన్నావు. ఈకలన్నీ రాలిపోయాయి."

"ఈ లాటులో కంపెనీ లోపమండీ. చూడగానే నాకు అనుమానం వచ్చింది" అన్నాను. నాకు ఏ అనుమానమూ రాలేదు.

సలోమి బల్ల మీద వేలితో గీసి, ఎర్రబడ్డ వేలు ఆయనకి చూపించింది. "కంపెనీ లోపం కాదండీ. వస్తువు మంచిదే. ఈ షెడ్డుకి తగనిది అమ్మాం. తప్పు మాది."

మా పని అయిపోయిందనుకున్నాను.

"అయితే ఇంకో దుకాణం చూసుకుంటానమ్మా."

"చూసుకోండి. వాళ్లూ బెజ్జం ఉన్నవే తెస్తారు. నాకో పది రోజులివ్వండి." బ్యాగులోంచి సెల్లు వేసే మౌస్ ఒకటి తీసింది.

ఆయన చేత్తో తూచి చూశారు. "పాతకాలం సరుకు. పైగా బరువు."

"బరువేనండీ. సెల్లు మార్చే పని కూడా ఉంటుంది. ఇబ్బందులు రెండూ ముందే చెబుతున్నాను. కానీ దీనికి ఛార్జింగ్ బెజ్జం లేదు. మళ్లీ మళ్లీ ఛార్జ్ చేసుకునే సెల్లులిస్తాను. అవి మీ ఆఫీసు గదిలో, అద్దాల తలుపు లోపల ఛార్జ్ అవుతాయి. మౌస్ మాత్రం షెడ్డులోనే. ఒకటి అయిపోతే ఇంకోటి వెయ్యడానికి మస్తాన్‌కి కిళ్లీ చుట్టినంత సేపు పట్టదు."

పది రోజులు కాస్తా సీజన్ మొత్తమైంది. మస్తాన్ వలి ఎర్రటి వేళ్లతోనే నొక్కుతూ పోయాడు, ఒక్క మౌసూ ఆగలేదు, ఒక్క ట్రాక్టరూ మౌస్ కోసం నిలబడలేదు. సీజన్ చివర వీరాంజనేయులు గారు తనే మా దుకాణానికి వచ్చారు. "మీ బాబాయ్ చెప్పిన ఈక కాదుగానీ, ఎద్దులా చేస్తోందమ్మా" అని, మిగతా రెండు కోల్డ్ స్టోరేజీల పనీ మాకే ఇచ్చారు. "బాబాయ్ గారే వచ్చి అమరుస్తారండీ" అంది సలోమి. ఆ సాయంత్రం నేను బజార్లో నడిచిన నడక ఊరేగింపుకి తక్కువ కాదు.

నా అబద్ధం గురించి ఆమె ఒక్కసారే ఎత్తింది, స్కూటర్ మీద ఇంటికొస్తూ. "బాబాయ్ గారూ, తప్పు మాది అన్నాను కదా. అందులో సగం మీదే."

"ముప్పాతిక వేసుకో అమ్మాయ్" అన్నాను. ఆమె నవ్వుకి బండి వంకర్లు పోయింది.

ఇప్పుడామె ఒంగోలులో రెండో దుకాణం నడుపుతోంది. గుంటూరుది నాకు వదిలింది. పోయిన నెల పిడుగురాళ్లలో ఒక సున్నపు బట్టీకి వెలిగే అక్షరాల వైర్‌లెస్ కీబోర్డు అమ్మాను. పట్టపగలు పనిచేసే చోట ఆ వెలుగెవరికి కావాలి? ఛార్జింగ్ అంతా రెండు రోజుల్లోనే తాగేస్తోందని యజమాని ఫోన్లో కేకలేశాడు. వెళ్లేలోపు నా నాలుక మీద నాలుగు సాకులు తయారుగా ఉన్నాయి: కంపెనీ, కరెంటు, ఎండ, వాళ్ల గుమస్తా. గుమ్మంలో నిలబడి, "తప్పు నాదండీ. మీకు తగనిది అమ్మాను. మార్చి ఇస్తాను" అన్నాను. గొంతు తగ్గించకుండానే అన్నాను. చొక్కా చేతులు పైకి మడుచుకుని తగువుకి లేచిన ఆ యజమాని, మడతలు కిందికి దించుకుని, "టీ తాగుతారా?" అని అడిగాడు.

రెండు కప్పులు తాగాను.