చుక్కాని మీద నా చెయ్యి

ఇన్నేళ్లలో ఆ పడవ సంగతి నన్ను అడిగిన మనిషి ఒక్కడూ లేడు. మా సంఘంలో ఆ కథ తెలియనివాళ్లు లేరు, చెప్పనివాళ్లూ లేరు. అడగవలసిన నన్ను మాత్రం ఎవరూ అడగరు. మొన్న ఆదివారం, ఈమధ్యే మా గుడికి వచ్చిన కుర్ర పాస్టరుగారు, మనిషి తన్ను తాను నమ్ముకోవడం మాని దేవుణ్ణి నమ్ముకోవాలని చెబుతూ, ఎక్కడ విన్నారో ఏమో, వరదలో పడవ నడిపే ఎవరో ఒక మొండి సరంగు చుక్కాని వదలనని పట్టుబట్టాడని, భక్తురాలైన ఒక పెద్దావిడ వదిలించాక గాని పడవ గట్టెక్కలేదని ఉదాహరణగా చెప్పారు. ఆ మొండి సరంగు మూడో వరుసలో, ఫ్యాను కింద, కళ్లజోడు తుడుచుకుంటూ కూర్చుని ఉన్నాడని ఆయనకు తెలియదు. ఆడవాళ్ల వైపు నుంచి మా ఆవిడ నన్ను చూసి నవ్వు ఆపుకోలేక కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ పూట నాకు భోజనం సహించలేదు.

నా వయసువాళ్లకు గుర్తుండే ఉంటుంది, తొంభైల్లో మా లంకకు వంతెన లేదు. రాజమండ్రిలో మందు కొనాలన్నా, పిల్లను కాలేజీలో చేర్చాలన్నా ముందు ఏరు దాటాలి. నాది ఇంజను పడవ. తెల్లవారగానే పాలక్యాన్లు, కూరగాయల గంపలు, సైకిళ్లు, వాటి మధ్య ఎలాగో ఇరుక్కున్న మనుషులు. నీళ్ల మీద పొగలా మంచు, అందులోంచి ఎవరిదో దగ్గు, ఎక్కడో కనిపించని మరో పడవ ఇంజను చప్పుడు. తాడు విప్పే ముందు మావాళ్లలో ఎవరో ఒకరు రెండు మాటల్లో ప్రార్థన చేసేవారు, మావాళ్లు కాని రైతులు కూడా తలగుడ్డ తీసి, అది అయ్యేదాకా మాట్లాడకుండా నిలబడేవారు. నేను మాత్రం కళ్లు మూసుకునేవాణ్ణి కాదు. ఎవరో ఒకరు నీటివైపు చూస్తూ ఉండాలి కదా. ఆ రేవులో నా అంతటి సరంగు లేడని నేననుకోవడమే కాదు, నలుగురూ అనేవారు. ఇప్పుడు ఆ నలుగురిలో ఒక్కరూ ఆ మాట ఒప్పుకోరు, అది వేరే సంగతి.

ఆ ఏడు వరద తీస్తున్నట్టే తీసి మళ్లీ పోటెక్కింది. మిగతా సరంగులు పడవలు కట్టేశారు. ఆ మధ్యాహ్నమే మా ఆవిడకు తొలికాన్పు నొప్పులు వచ్చాయి, బిడ్డ అడ్డం తిరిగింది, ఇక్కడ నావల్ల కాదు అని మంత్రసాని చేతులు కడుక్కుంది. నేను ఎవరినీ సాయం అడగలేదు. పడవలో చాప పరిచి మా ఆవిడను పడుకోబెట్టి, అత్తగారిని పక్కన కూర్చోబెట్టి, ఆవిడ ప్రార్థన సగంలో ఉండగానే తాడు విప్పేశాను. నడి ఏటిలో ఇంజను రెండుసార్లు దగ్గి ఊరుకుంది. రెక్కలు పడిపోయేదాకా హ్యాండిలు తిప్పినా పలకలేదు. ఇక చుక్కాని మీద పడి, ముక్కును అవతలి రేవువైపే తిప్పాలని నేను లాగుతుంటే, పడవ ఏటికి అడ్డం తిరిగింది. ఎర్రనీరు అంచు దాటి మా ఆవిడ పడుకున్న చాప కిందికి వచ్చింది. ఆవిడ నావైపు చూసింది, అంతే.

అత్తగారు వచ్చి నా మణికట్టు మీద చెయ్యి వేశారు.

"బాబూ, ఇంక చెయ్యి తీసెయ్యండి. ఆయన్ని పట్టుకోనివ్వండి."

"ఆయనకి ఇక్కడి సుడులు తెలుసా అత్తయ్యగారూ?" అన్నాను కోపంగా.

"సుడులు ఆయనవేనండి," అన్నారు.

ఆ తరువాతిది ఇప్పటికీ నాకు కలలాగే ఉంటుంది. చుక్కాని నా చేతిలో లేదు. నిద్రలో మనిషి పక్కకు ఒత్తిగిలినట్టు పడవ మెల్లగా ప్రవాహం దారికి తిరిగింది, లోపలికి నీరు రావడం ఆగింది, చప్పుడంతా పోయింది. కొట్టుకొచ్చిన ఒక అరటిబోదె మా పక్కనే, మాతో పాటే ప్రయాణం చేస్తోంది. ఎంతసేపు వెళ్లామో తెలియదు. పడవ పక్కలకు మెత్తగా ఏదో రాసుకుంటున్న చప్పుడు వినబడి చూస్తే, సగం మునిగిన తిప్ప మీద, అప్పుడప్పుడే పూస్తున్న రెల్లు. అక్కడ పడవ దానంతటదే ఆగింది. ఆ పక్కనే వలలు సర్దుకుంటున్న జాలర్లు మమ్మల్ని తమ నావలో ఎక్కించుకుని ఒడ్డున దింపారు. దీపాలు పెట్టేవేళకు ఆసుపత్రిలో ఆడపిల్ల పుట్టింది.

నా ఫిర్యాదు ఇక్కడే. తరువాతి ఆదివారం అత్తగారు గుడిలో సాక్ష్యం చెప్పడానికి లేచి, మా అల్లుడుగారు చెయ్యి తీశాకే దేవుడు చెయ్యి పెట్టాడండి అన్నారు. గుడంతా స్తోత్రం అంది. ఆనాటి నుంచి నేను రేవులో చెయ్యి తీసిన అల్లుణ్ణి; టీ గ్లాసు అందుకోబోయినా చెయ్యి తియ్యవయ్యా అనేవారు. కాదు, అలా జరగలేదు అని చెప్పబోయిన ప్రతిసారీ నేను గొప్ప కోసం చెబుతున్నాననుకున్నారు. మా ఆవిడైతే, "చుక్కాని వదిలారు గానీ ఈ మాట మటుకు వదల్లేదండీ," అంటుంది.

నేను తియ్యలేదు. అదే ఎవరూ విననిది. అత్తగారి మాటకు నేను ఇంకా గట్టిగా పట్టుకున్నాను. నిద్రపోయిన పిల్లవాడి గుప్పిట విప్పి బెల్లంముక్క తీసినట్టు, నా వేళ్లు ఒక్కొక్కటే విచ్చుకున్నాయి. అత్తగారి చెయ్యి అప్పటికే నా మీద లేదు, ఆవిడ కూతురి తల పట్టుకుని ఉన్నారు. ముందు ఆయన చెయ్యి పడింది, తరువాతే నాది పోయింది. అత్తగారు ఆ వరుస తిరగేసి చెప్పి, తిరగేసిన మాటతోనే సమాధికి వెళ్లిపోయారు.

ఇప్పుడు మా లంకకు వంతెన ఉంది. ఆటో పాట పెట్టుకుని దాటేస్తుంది, మనవలు ఫోన్లలోంచి తల ఎత్తరు, నీరు ఎర్రబడిందో లేదో ఎవరికీ పట్టదు. దాటే ముందు ఎవరూ తల వంచరు. నేనొక్కణ్ణే, వంతెన ఎక్కగానే, ఆనాడు మూసుకోని కళ్లు మూసుకుంటాను.

కాబట్టి పాస్టరుగారూ, వినండి. మనిషి తన్ను తాను నమ్ముకోవడం మానెయ్యాలన్నారు. మానడానికైనా ఆ రోజు నా బలం చాలలేదే; మరి మానేది ఎవరు, మాన్పించేది ఎవరు? వచ్చే ఆదివారం దీనికి జవాబు చెప్పండి. నేను మూడో వరుసలోనే ఉంటాను.