ఇన్నమ్మ టీచర్ చెయ్యి

వరంగల్ బజారులో దుకాణాలున్న కుటుంబాలకు ఇన్నమ్మ టీచర్ చెయ్యంటే ఒక నమ్మకం. ఆమె వేలు పట్టి బియ్యంలో ‘అ’ దిద్దిస్తే పిల్లకు చదువు అబ్బి తీరుతుందని. ఇంట్లో అయ్యగారు వచ్చి సరస్వతీ పూజ చేసిపోయేవాడు. అక్షరం మాత్రం చర్చి పక్కన సిస్టర్ల బడిలో ఎల్కేజీ చెప్పే ఈ టీచరే దిద్దించాలి. మెడలో జపమాలతో ఆమె వచ్చి పీట మీద కూచుంటే ఎవరికీ ఏ పట్టింపూ ఉండేది కాదు. మర్నాడే పిల్లను తెచ్చి ఆమె తరగతిలో కూచోబెట్టేవాళ్లు. అక్షరం ఎక్కడో చదువూ అక్కడే, అది రివాజు.

ఆ రోజుల్లో ఆ బడిలో సీటంటే మాటలు కాదు. పెద్ద పెద్దవాళ్లు సిఫారసులు పట్టుకొచ్చి కాంపౌండు గోడ నీడన పడిగాపులు కాసేవాళ్లు. లేదు లేదని చెప్పీ చెప్పీ సిస్టర్ల నోళ్లు నొప్పి పెట్టేవి. ఆ ‘లేదు’ చెప్పడంలో వాళ్లకు కొంచెం గర్వం కూడా ఉండేది, అబద్ధమెందుకు.

ఇప్పుడా గర్వమంతా దిగిపోయింది. ఎండాకాలం వస్తే చాలు, టీచర్లు కరపత్రాలు చేతబట్టుకుని గడప గడపా ఎక్కాలి. ఇన్నమ్మ కూడా నెత్తిన కొంగు కప్పుకుని ఖిలా వరంగల్ గల్లీలన్నీ తిరిగింది. కొందరు తలుపు కూడా తీయరు. కిటికీలోంచే “మావోళ్లు చేరిపోయిండ్రు మేడం” అంటారు. ఎక్కడ చేరారో అడగనక్కర్లేదు. రోడ్డు మీద అద్దాల మేడ ఒకటి లేచింది, పసుపుపచ్చ బస్సులు, ఎల్కేజీ నుంచే ఐఐటీ కోచింగట. చెడ్డీ తడుపుకునే పిల్లలకు ఐఐటీ! దాన్ని నమ్మే తల్లిదండ్రులను ఏమనాలి?

ఈ వేసవిలో ప్రిన్సిపాల్ సిస్టర్ రెజీనా ఆమెను గదిలోకి పిలిచి తలుపు దగ్గరగా వేసింది.

“టీచర్, పై నుంచి మాట వచ్చింది. ఈసారి ఎల్కేజీ నిండకపోతే తరగతి ఎత్తేయమన్నారు.”

“ఎల్కేజీ పోతే ఒకటో తరగతి ఏడికెంచి వస్తది సిస్టర్? కింద వేరు కోసినంక చెట్టు నిలబడ్తదా?”

ఆ సంగతి సిస్టర్‌కూ తెలుసు.

అట్లాంటి రోజుల్లో బట్టల దుకాణం శ్రీకాంత్ ఫోన్ చేశాడు. ఒకప్పుడు ఆమె దగ్గర అక్షరం దిద్దినవాడే. “టీచర్, మా ఆద్యకు అక్షరాభ్యాసం పెట్టుకున్నం. మీ చెయ్యే పడాలె” అన్నాడు. ఇన్నమ్మకు ప్రాణం లేచొచ్చింది. శ్రీకాంత్ పిల్ల చేరితే ఆ వాడకట్టంతా కదిలి వస్తుంది. బజారు పద్ధతి ఆమెకు తెలియనిదా! వెళ్లి సిస్టర్‌కు చెప్పింది. ఆ సంతోషంలో సిస్టర్ మేరీమాత గుహ దగ్గర కొవ్వొత్తి కూడా వెలిగించింది.

అక్షరాభ్యాసం నాడు శ్రీకాంత్ ఇల్లంతా బంధువులు. ఆద్యను ఒళ్లో కూచోబెట్టుకుని, చిట్టి వేలు తన గుప్పిట్లో పట్టుకుని, పళ్లెంలో ‘అ’ దిద్దించింది. బియ్యం గలగలలాడితే పిల్ల కిలకిలా నవ్వింది. శ్రీకాంత్ భార్య మానస బొట్టు పెట్టి, చీర చేతిలో పెట్టి, కాళ్లకు దండం పెట్టింది.

“బడి తెరిచే రోజు జర తొందరగ తీసుకరా బిడ్డా, ముందు బెంచీల కూసోబెడ్త” అంది ఇన్నమ్మ.

మానస మొగుడి మొహం చూసింది. శ్రీకాంత్ నసిగాడు.

“ఏమనుకోకుండ్రి టీచర్. అద్దాల బిల్డింగు స్కూల్ల ఎప్పుడో సీటు తీసుకున్నం. చెయ్యి మాత్రం మీది కావాల్నని మా అమ్మ పట్టుబట్టింది.”

“మరి నన్ను పిలిచినప్పుడే ఒక మాట చెప్పొద్దా శ్రీకాంత్?”

“మీకు తెల్సే ఉంటదనుకున్న టీచర్. మీ జోయల్ గూడ ఆడనే సదువుతాండు గద! మస్తు ఆలోచించినం మేము. మీరే మనవణ్ని ఆడికి తోలుతాండ్రంటే, ఇగ మాకు ఫికర్ ఏందనుకున్నం. మిమ్మల్ని చూసే ధైర్యం చేసినం.”

వెటకారం లేదు ఆ మాటలో. గౌరవంతోనే అన్నాడు. వెటకారమైతే ఇన్నమ్మ తిరిగి ఏదో ఒకటి అనగలిగేది. కిందటేడు కూతురు స్టెల్లా “నీ బడి మీద నీకు ప్రేముంటే నువ్వు పోమ్మా, నా కొడుకునెందుకు బలి చేస్తవ్?” అని ఎగిరిపడితే, నోరు మూసుకుని ఊరుకుంది తనే. ఒక్కగానొక్క మనవడు, వెనకబడిపోతాడేమోనని లోలోపల తనకూ భయం వేసింది. ఆ భయాన్ని బజారంతా చూసింది. ఊళ్లో గడప గడపా తిరిగి తాను చెప్పిన మాటలన్నీ ఒకెత్తు, పొద్దున్నే యూనిఫారం తొడిగి మనవణ్ని పసుపు బస్సెక్కించడం ఒకెత్తు. బజారు రెండోదే నమ్మింది.

బడికి వచ్చాక సిస్టర్ ఆశగా చూసింది. “వేరే దాంట్ల చేర్పించిండ్రంట” అని మాత్రం చెప్పింది ఇన్నమ్మ. ఎవరిని చూసి చేర్పించారో చెప్పడానికి నోరు రాలేదు.

జూన్‌లో బడి తెరిచేనాటికి ఎల్కేజీ గదికి తాళం పడింది. చిన్న బెంచీలను వరండాలో ఒకదానిమీదొకటి పేర్చారు. ఇన్నమ్మను లైబ్రరీలో కూచోమన్నారు.

స్టెల్లాకు దవాఖానలో పొద్దుటి డ్యూటీ. అందుకని ఆ రోజూ జోయల్‌ను బస్సు దగ్గరికి ఇన్నమ్మే తీసుకొచ్చింది. బస్సు ఆగగానే కిటికీలోంచి మెడకు టై కట్టిన ఆద్య “ఇన్నమ్మ టీచర్!” అని కేకేసింది. “టీచర్, మీరు గూడ మా బడికి వస్తాండ్రా?”

ఇన్నమ్మ జోయల్ చెయ్యి పట్టుకునే నిలబడిపోయింది. డ్రైవర్ హారన్ కొట్టాడు. మెట్టు మీద ఉన్న జోయల్ విసుక్కున్నాడు.

“అమ్మమ్మా, చెయ్యి ఇడువు. లేటైతాంది.”

ఆమె వదిలేసింది.