టైలరమ్మ ఐదో కీమో

మా పిన్నిది అసలే నిలకడలేని ప్రాణం. ఆ వారం మరీను. రంపపుపొట్టు నింపిన సంచుల్లో పుట్టగొడుగులు పెంచి, ఎండబెట్టి పొడి కొట్టి అమ్మడం ఆమె పని. పొద్దున తడిపిన సంచులనే గంటకోసారి మళ్ళీ తడుపుతుంటే, “వాటికి జలుబు చేస్తుందేమో పిన్నీ,” అన్నాను. నవ్వలేదు.

కారణం ఎదురింటి టైలరమ్మ. రొమ్ము క్యాన్సర్‌కు నాలుగు కీమోలు అయ్యాయి. ఐదోదానికి వెళ్ళనంటోంది. “మీ పొడి చాలు వదినా. ఒంట్లో సైన్యం లేస్తుందన్నారుగా!” అందట.

పిన్ని అలా అన్న మాట నిజమే. పుట్టగొడుగుల్లోని బీటా గ్లూకాన్లనే పదార్థాలు రోగనిరోధక కణాలను తట్టి లేపుతాయని పిన్ని ఎక్కడో చదివింది. ‘చాలావరకు ప్రయోగశాలలోనే, చికిత్సకు బదులు కాదు’ అని ఆ కిందే ఉన్న వాక్యాన్ని మాత్రం బేరం ఊపులో మింగేసింది. తర్వాత రెండుసార్లు వెళ్ళి కక్కబోయింది కూడా. “మీ సరుకు విలువ మీకే తెలీదు,” అని టైలరమ్మ ఎదురు ధైర్యం చెప్పి పంపింది.

కీమో రోజు రానే వచ్చింది. పిన్ని ఎదురింటి తలుపు కొట్టింది.

“నాకే ఒంట్లో బాగోలేదు. ఆసుపత్రికి వెళ్ళాలంటే భయంగా ఉంది. తోడు రావూ?”

మిషను మీది బట్ట అలాగే వదిలేసి వచ్చేసింది ఆ మహాతల్లి. ముగ్గురం బయల్దేరాం.

క్యాన్సర్ విభాగం కిటికీలోంచి గుమస్తా అడిగాడు: “ఏంటమ్మా బాధ?”

అంతదూరం ఆలోచించుకోని పిన్ని, “చెవిపోటు,” అంది.

“అది పక్క బిల్డింగండీ.”

టైలరమ్మ నడుం మీద చేతులేసుకుంది. “ఏంటి వదినా ఈ నాటకం?”

“నీకు సగమే చెప్పాను. మిగతా సగం నేను చెబితే నువ్వు వినడం లేదు. డాక్టరు నోట విను. ఆపైన నీ ఇష్టం.”

పిన్ని తెచ్చిన పొడి సీసాను డాక్టరమ్మ తిప్పి చూసింది. “కొన్నిచోట్ల శుద్ధి చేసిన సారాన్ని చికిత్సతోపాటు ఇచ్చి పరీక్షిస్తున్నారు. దీంతోనే గడ్డ కరుగుతుందని ఎవరూ తేల్చలేదు. మందుతో కలిస్తే ఏం చేస్తుందో నేనూ చెప్పలేను. కీమోలు అయ్యేదాకా పక్కన పెట్టండి. ఇంతకీ అమ్మేదెవరు?”

“నేనేనండి,” అంది పిన్ని, తన చెప్పులకేసి చూస్తూ.

టైలరమ్మ ఆ సీసాను పక్కకు నెట్టింది. తన చేతిసంచి పిన్ని ఒళ్ళో పడేసింది. “పట్టుకోండి. నాలుగు గంటలు పడుతుంది. ఇక్కణ్ణుంచి కదిలారంటే చూడండి!”

పిన్ని లేచింది, కూర్చుంది, మళ్ళీ లేచింది. గంట గడిచాక నర్సు బయటికొచ్చి, “లోపల ఆవిడకి ఊసుపోవడం లేదట. వాళ్ళ వదిన ఎవరో, రమ్మంటున్నారు,” అంది.

సంచి నా చేతుల్లో కుక్కి పిన్ని పరుగెత్తింది.