నేను విప్పేసిన మూటలు

మా మామకు ప్రొద్దుటూరులో లేత్ మిషన్ షాపు ఉంది. బోరు మోటార్ల షాఫ్టులు, ట్రాక్టరు బుష్షులు చేస్తాడు. పులివెందుల నుంచి కోడలిగా వచ్చిన కొత్తల్లో నేను షాపులో క్యారియరు ఇచ్చేసి ఇంటికొచ్చేదాన్ని. తర్వాత ఇంట్లో ఊరికే కూర్చోలేక అక్కడే ఉండిపోవడం మొదలుపెట్టాను. ఇనుప పొట్టు ఊడ్చేదాన్ని, వచ్చినవాళ్లతో కబుర్లు చెప్పేదాన్ని. కబుర్లకు నాకు ఎవరైనా పర్వాలేదు.

మా ఆయన జమ్మలమడుగులో వెల్డింగ్ పనికి పోతాడు. మామ కంట్లో పొర వచ్చిందని డాక్టరు చెప్పినప్పటి నుంచి మా ఆయనది ఒకటే పట్టు, ఆపరేషనన్నా చేయించుకో, లేదంటే మిషన్ అమ్మేద్దామని. ఆపరేషనంటే మామకు భయం. నాకు బాగానే కనబడుతుందంటాడు. పని కూడా తేడా లేకుండా వస్తుంటే మేమూ నమ్మాము.

ఒకరోజు మామ ఇనుప రాడ్డు తేవడానికి పోయాడు. ఆయన వచ్చేలోగా టూళ్ల పెట్టె శుభ్రం చేద్దామని తెరిచాను. ఇనుము కోసే ప్రతి టూలుకూ విరిగిన రంపపు బ్లేడు ముక్కలు, నూనె డబ్బా రేకులు దారంతో చిన్న మూటలా కట్టి ఉన్నాయి. చూస్తే చెత్తలాగే ఉంది. అన్నీ విప్పి, తుడిచి, బ్లేడు ముక్కలు ఒక డబ్బాలో, రేకులు ఇంకో డబ్బాలో సర్దాను. నా పనికి నేనే మురిసిపోయాను.

మామ వచ్చేసరికి మా పులివెందుల వైపు రైతు ఒకాయన కూర్చుని ఉన్నాడు. మోటారు షాఫ్టు విరిగింది, చీనీ చెట్లకు నీళ్లు ఆగిపోయాయి. మామ పెట్టె తెరిచి, అలాగే నిలబడిపోయాడు.

"మూటలు యాడ పెట్టినావమ్మా?"

"విప్పి సర్దినా మామా."

"మా ఊరి పిల్ల గదప్పా," అన్నాడు రైతు, "పోపుల పెట్టె సర్దినట్లు సర్దింటాది."

మామ నవ్వలేదు. టూలు మొన మిషన్లో తిరిగే షాఫ్టు నడిమికి సరిగ్గా ఎదురుగా ఉండాలి. ఆ ఎత్తు కోసమే టూలు కింద ఆ ముక్కలు పెట్టేది. ఏ టూలుకు ఏవి సరిపోతాయో ఒకసారి చూసుకుని, దానితోనే కట్టి పెట్టుకున్నాడు. ఇప్పుడు మళ్లీ మొదటి నుంచి చూడాలి.

తోచిన ముక్కలు పెట్టి బిగించి, కొత్త షాఫ్టు కోసం రాడ్డు కొస ముఖం చదును చేశాడు. మధ్యలో మొటిమంత బొడిపె మిగిలింది. ఇంకో రెండు ముక్కలు పెట్టాడు. ఈసారి టూలు కోయకుండా రాచుకుంది. మిషన్ ఆపి, టూలు మొనకూ రాడ్డుకూ మధ్య సన్నటి ఇనుప స్కేలు ఇరికించాడు. అది నిట్టనిలువుగా నిలబడితే ఎత్తు కుదిరినట్టు. స్కేలును ముందు నుంచి చూశాడు, పక్క నుంచి చూశాడు, తల వెనక్కి పెట్టి చూశాడు. చివరికి గొంతు తగ్గించి అడిగాడు.

"సూడమ్మా, స్కేలు యాపక్కకు వాలింది?"

అప్పుడు అర్థమైంది. ఇన్నాళ్లూ ఆయన కళ్ల పని ఆ మూటలే చేశాయి. వంగి స్కేలు చూశాను.

"పైకొస మిషన్ దిక్కు వాలింది మామా."

"అంటే టూలు పైకుంది. ఒక రేకు తీయి."

తీశాను. మళ్లీ వాలింది. ఇంకోటి తీసి సన్నది పెట్టాను. స్కేలు నిట్టనిలువుగా నిలబడింది. మామ మిషన్ వేశాడు. పొట్టు తెగకుండా సుడులు సుడులుగా జారింది, ముఖం అద్దంలా వచ్చింది. షాఫ్టు పూర్తయ్యాక రైతు దాన్ని గుడ్డలో చుట్టుకుని వేంపల్లె బస్సుకు పరిగెత్తాడు.

"వాడికి చెప్తావా?" అన్నాడు మామ. వాడంటే మా ఆయన.

"ఆపరేషన్ చేపిచ్చుకుంటే చెప్పను."

"బెదిరిస్తాండావా?"

"లేదు మామా, బేరమాడతాండా."

ఆయన చాలాసేపు చేతులు తుడుచుకున్నాడు. తర్వాత సరేనన్నాడు.

ఆపరేషన్ అయ్యి, పనిలోకి రావచ్చని డాక్టరు చెప్పేదాకా షాపు మూసే ఉంది. అది అయిపోయి కూడా రెండేళ్లయింది. ఇప్పుడు టూళ్లు మార్చేది నేనే, మూటలు కట్టేదీ నేనే. మొదట్లో నేను బిగించిన ప్రతి టూలుకూ ఆయన నాకు కనబడకుండా స్కేలు పెట్టి చూసుకునేవాడు. ఈమధ్య స్కేలు జేబులోనే ఉంటోంది. నేను బిగించి పక్కకు జరగగానే మిషన్ వేసేస్తున్నాడు.