ఒక్క ఎద్దుకు సరిపడా హైపో

ముందే చెబుతున్నాను, నేను పెంచి రాసే మనిషిని. నా కథలో మేక కూడా ఏనుగంత మేత మేస్తుంది. తగ్గించుకుని చదువుకోండి.

స్వచ్ఛంద విరమణకు రెండేళ్ల ముందు, దసరా దగ్గరపడుతుండగా, ఆలూరు అవతల ఒక పల్లె పశువైద్యశాలకు నన్ను డాక్టరుగా వేశారు. తలుపు తీస్తే కిటికీ ఊడిపడే భవనం. ఎండ ఎలాంటిదంటే, జ్వరం చూద్దామని ఆవుకు థర్మామీటరు పెడితే పాదరసం కిందికి దిగేది.

ఆ యేడు మోకాలెత్తు జొన్న నిలువునా మాడింది. తర్వాత ఒక్క జల్లుకు మొదళ్లలో పచ్చని పిలకలు లేచాయి. రైతులు దాన్నే నాము అంటారు. తింటే పశువు చస్తుందని అక్కడ పసిపిల్లలకూ తెలుసు. జొన్న మొక్క సైనైడును చక్కెర అణువుకు కట్టేసి దాచుకుంటుంది. ఆ కట్టు విప్పే ప్రొటీను వేరే గదిలో ఉంటుంది. ఎద్దు నమిలితే గోడలు కూలి రెండూ కలుస్తాయి. ఇక రక్తం నిండా ప్రాణవాయువు ఉన్నా ఒంట్లో ఏ కణమూ దాన్ని వాడుకోలేదు.

కబురందుకుని నేను చేరేసరికి లింగప్ప అనే రైతు ఎద్దులు రెండూ నీళ్ల తొట్టి పక్కన పడి రొప్పుతున్నాయి. దున్నేటప్పుడు మూతులకు చిక్కాలు కట్టే ఉంచాడట. నీళ్లు తాగుతాయని విప్పాడు. గట్టు మీద పిలకలున్నాయి. అతని భార్య ఈరమ్మ ఆ చిక్కాలు చేతిలో పట్టుకుని, "నీ దయే సంపింది వాటిని" అంది, గొంతు పెంచకుండా.

దీనికి విరుగుడు హైపో. సైనైడుకు గంధకాన్ని అందించి, మూత్రంలో పోయే పదార్థంగా మారుస్తుంది. నా సంచిలో ఉన్నది ఒక్క ఎద్దుకే.

"ఒంటెద్దుతో ఏం దున్నేది సార్? జోడు ల్యాకుంటే ఇల్లిడ్సిపెట్టి గుంటూరు దిక్కు కూలికి, సుగ్గికి పోవాల్సిందే. రెండిట్కీ సగం సగం ఎయ్యి" అన్నాడు లింగప్ప.

సగం మందు సగం విషాన్నే పడుతుందని, మిగతా సగం చంపడానికి చాలునని, అణువుల దగ్గర బేరం కుదరదని చెప్పాను. గింజ పట్టని పైరుకు విషం ఎట్లా పట్టిందని ఈరమ్మ అడిగింది. కరువులో మొక్క తనను తాను కాపాడుకుంటుందన్నాను.

"అది గూడా బతకాల్ననే సూస్తాండాది. ఇంక దాన్నేం తిట్టేది" అంది.

ఏ ఎద్దుకని అడిగితే లింగప్ప మొహం తిప్పుకున్నాడు. ఈరమ్మే ఒకదాని మూపురం మీద చెయ్యి వేసింది. మెడ నరంలోకి మెల్లగా మందంతా ఎక్కించాను. సూది తీసేలోపు రెండోది పోయింది. మొదటిది కాసేపటికి లేచి నిలబడింది. ఎదురింటి హనుమంతు తన ఒంటెద్దును తెచ్చి దానికి జత కట్టాడు. ఆ యేడు రెండిళ్ల సేద్యమూ సాగింది.

నేను నేర్చుకున్నది: ఆ ప్రాంతంలో హైపో ఎప్పుడూ జోడుకు లెక్కేసి ఉంచాలి. విరుగుడు విషాన్ని పడుతుంది, అంతవరకే దాని పని.

ఇందులో నేను పూర్తిగా కల్పించింది హనుమంతును, అతని ఎద్దును. లేచిన ఎద్దు ఆ వారమే సంతకు పోయింది. దాని వెనకే లింగప్ప, ఈరమ్మ సుగ్గికి పోయారు.