చక్రం వెనక రాయి

జమ్మికుంటలో జబ్బార్ ఇల్లెక్కడ అంటే, ఏ జబ్బార్ అని ఎదురడుగుతారు. రాయి జబ్బార్ అనండి, పత్తి మార్కెట్ గేటు దగ్గర చాయ్ అమ్మే మనిషి సైతం లేచి వచ్చి దారి చూపిస్తాడు. లారీ ఎక్కడ ఆపినా, ఇంజన్ ఆగీ ఆగకముందే దిగి వెనక చక్రం కింద రాయి పెట్టడం అతని అలవాటు. క్లీనరుగా చేరిన రోజుల్లో ఉస్తాదు తిట్టీ కొట్టీ నేర్పిన విద్య అది. అప్పటి లారీలకు బ్రేకులు పేరుకే ఉండేవి. ఇప్పుడు గడ్డం నెరిసింది, సొంత లారీ ఉంది, అయినా చెయ్యి ఊరుకోదు. దావతుకు పోయి స్కూటర్ ఆపినా రాయి కోసం వెతుకుతాడని అతని భార్య అజీజా నలుగురిలో చెప్పి నవ్విస్తుంది. కొంచెం కలిపి చెప్తుంది గానీ, మరీ అబద్ధమేం కాదు.

మనిషి మంచివాడు. నోరే తొందర. ఆ తొందరలోనే ఒకసారి ఆసుపత్రిలో తన డ్రైవరు జాన్సన్‌ను ఒక మాట అడిగాడు. తర్వాత జరిగిందంతా ఆ మాట వల్లనే జరిగింది.

జాన్సన్‌ది చొప్పదండి దగ్గరి ఊరు, మెథడిస్టు కుటుంబం. ఆదివారం పొద్దున చర్చికి పోనిస్తే చాలు, మిగతా వారమంతా ఎటు పొమ్మంటే అటు పోతానని ముందే చెప్పి పనిలో చేరాడు. జబ్బార్ కొత్త లారీ కొన్నప్పుడు తాళం చెవి మొదట అతని చేతికే ఇచ్చాడు. ఆ మోడలు లారీలను ఆ ఏడు చుట్టుపక్కల చాలామంది కొన్నారు. కొన్న కొన్నాళ్లకే వాళ్లంతా చక్రాల కింద రాళ్లు పెట్టడం మొదలుపెట్టారు. అది చూసి జబ్బార్ పొంగిపోయాడు. "ఇన్నేండ్లు నన్ను చూసి నవ్విండ్రు. ఆఖరికి నా తొవ్వకే వచ్చిండ్రు" అని ఊరంతా చెప్పుకున్నాడు. తన సంతోషంలో పడి, వాళ్లెందుకు మారారో అడగాలని అతనికి తోచలేదు.

ఒక మధ్యాహ్నం జాన్సన్ పత్తి బస్తాల లోడుతో జిన్నింగు మిల్లు గేటు ముందు ఏటవాలులో లారీ ఆపాడు. హ్యాండ్‌బ్రేకు గట్టిగా గుంజి, తాళ్లు విప్పడానికి వెనక్కి వచ్చాడు. లారీ కాసేపు నిలబడింది. తర్వాత చప్పుడు చెయ్యకుండా వెనక్కి జారి, అతని ఎడమ కాలిని మిల్లు గోడకేసి నొక్కేసింది.

జబ్బార్ పడుతూ లేస్తూ కరీంనగర్ ఆసుపత్రికి వచ్చాడు. మంచం దగ్గరికి రాగానే అతని నోట వచ్చిన మొదటి మాట ఇది:

"రాయి ఎయ్యలేదా, జాన్సన్?"

జాన్సన్ గోడవైపు తల తిప్పుకున్నాడు. "మరిచిన, భాయ్" అన్నాడు.

అజీజా వెనక నుంచి మొగుడి మోచెయ్యి గిల్లింది. కాలెట్లున్నదని అడిగింది ఆమే.

కానీ జబ్బార్ మాటే బయటికి పోయింది. రాయి మరిచిండట, రాయి మరిచిండట అని మార్కెట్ యార్డు అంతా అనుకుంది. లారీ తయారుచేసిన కంపెనీ కూడా డ్రైవరు నిర్లక్ష్యమే అని తేల్చి చేతులు దులుపుకుంది. కాలి ఎముక అతికింది గానీ ఆ పేరు మాత్రం పోలేదు. ఏ సేటు దగ్గరికి పోయినా "రాయి మరిచిన జాన్సన్‌వు నువ్వే కదా" అనేవాడే తప్ప స్టీరింగు ఇచ్చేవాడు లేడు. పంక్చర్ షాపులో టైర్లకు గాలి కొట్టుకుంటూ, రోడ్డు మీద పోయే లోడు బండ్లను చూస్తూ కూర్చునేవాడు. జబ్బార్ కూడా అతణ్ని తిరిగి పిలవలేదు. ఇంకొకరిని పెట్టుకోలేక తనే నడుపుకుంటూ, "జర నెమ్మదిగుండు, చూద్దాం" అంటూ దాటేసేవాడు. లోపల మాత్రం అతనిక్కూడా అనుమానమే, ఈ పిలగానికి జాగ్రత్త లేదని.

ఈలోగా అదే మోడలుది కోమల లారీ ఒకటి ఆగిన చోటు నుంచి జారి పక్కనున్న మోటారు సైకిలును తొక్కేసింది. కోమల డ్రైవర్లను పెట్టి సొంతంగా లారీలు నడిపించే మనిషి, ఊరికే ఊరుకునే రకం కాదు. ఇది బండి తయారీలోనే లోపం, కరీంనగర్‌లో వినియోగదారుల కోర్టుకు పోదామని లారీ ఓనర్ల సంఘంలో పట్టుబట్టింది. సంఘం అధ్యక్షుడు రామచంద్రం ససేమిరా అన్నాడు.

"కంపెనీతోని కొట్లాట పెట్టుకుంటే రేపు రిపేరుకు ఎవడు చూస్తడమ్మా? సామాన్లు ఎవడిస్తడు? నీళ్లల్ల ఉండి మొసలితోని పంచాయితీ ఎందుకు?"

చివరికి కంపెనీ మనిషినే పిలిచి, అదే మిల్లు ముందు, అదే ఏటవాలులో, బండి జారడం కళ్ల ముందు చూపిద్దామని ఒప్పందం కుదిరింది. లోడుతో బండి పెట్టే పని జబ్బార్ మీద పడింది. సీనియరు కదా మరి.

ఆ రోజు ఓనర్లందరూ తలా ఒక లారీ వేసుకుని వచ్చి రోడ్డు పక్కన వరసగా ఆపారు. జబ్బార్ తెల్ల చొక్కా వేసుకుని మరీ వచ్చాడు. ఏటవాలెక్కి లారీ ఆపాడు, హ్యాండ్‌బ్రేకు గుంజాడు, దిగాడు, ఒక చుట్టు తిరిగి వచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. కంపెనీ మనిషి ముందు వైపు నిలబడి ఫోన్‌లో వీడియో తీస్తున్నాడు. అందరూ ఊపిరి బిగబట్టి చూశారు. లారీ కదలలేదు. ఎండ ముదిరింది, చాయ్ వచ్చింది, చాయ్ అయిపోయింది. లారీ వీసమెత్తు కదలలేదు.

"చూశారుగా, బ్రేకు బ్రహ్మాండంగా ఉంది" అని కంపెనీ మనిషి ఫోన్ జేబులో వేసుకుని కారెక్కి వెళ్లిపోయాడు.

జబ్బార్ తల గోక్కుంటూ లారీని కిందికి దింపబోయాడు. అది వెనక్కి రానంటుంది. దిగి చూస్తే ఏముంది, వెనక చక్రం కింద అతని రాయే! దిగగానే ఎప్పటిలాగే పెట్టేశాడు. పెట్టినట్టు అతనికి తెలియదు, పెడుతుంటే చూసినవాళ్లకూ తప్పనిపించలేదు.

రామచంద్రం తల పట్టుకున్నాడు. "అయిపోయింది. మన వేలుతోని మన కన్నే పొడుచుకున్నం. ఇంక కోర్టు మాట ఎత్తకుండ్రి."

జబ్బార్‌కు భూమి చీలితే బాగుండనిపించింది. అప్పుడే రోడ్డు పక్కనుంచి కోమల కేక వేసింది.

"అన్నా, జర గిటు రా. రామచంద్రం సారూ, మీరు గూడ రాండ్రి."

ఆమె వరసగా ఆపిన లారీల వెనక నడుస్తోంది. ఆ మోడలు లారీ ప్రతిదాని చక్రం కింద ఒక రాయి ఉంది. వేరే కంపెనీ లారీలు కూడా అదే వరసలో, అదే వాలులో ఉన్నాయి. వాటికి ఒక్కదానికీ రాయి లేదు.

"అన్నా, నిన్ను చూసి మేం నేర్చుకున్నమని ఖుషీ అయితున్నవ్. నిన్ను చూసి గాదు. ఈ బండి ఆగుతలేదని నేర్చుకున్నం. నా పాత బండికి ఏనాడన్న రాయి పెట్టిన్నా?"

రామచంద్రం ఏదో అనబోయి తన లారీ వైపు చూసి ఆగిపోయాడు. దసరాకు బండ్లకు పూజ చేసినప్పుడు ఆయన తన రాయికి కూడా పసుపు రాసి కుంకుమ బొట్టు పెట్టాడు. ఆ బొట్టు ఇంకా అలాగే ఉంది.

"సారూ, మీ రాయికి బొట్టు గూడ ఉన్నదే!" అంది కోమల. గుంపంతా ఘొల్లుమంది. రామచంద్రం కూడా నవ్వు ఆపుకోలేకపోయాడు.

జబ్బార్ ఒక్కడే నవ్వలేదు. జాన్సన్ బండి తోలడం నేర్చుకున్నది బ్రేకు గుంజితే ఆగే లారీల మీద. రాయి పెట్టాలని అతనికెందుకు తోస్తుంది? అతను మరిచిందేముంది? అన్నీ తెలిసిన తనే, మంచం మీద ఉన్నవాణ్ని పట్టుకుని తప్పు నీదే అన్నట్టు అడిగాడు. 

సాయంత్రం సంఘం షెడ్డులో మళ్లీ కూర్చున్నప్పుడు అతనే ముందు లేచాడు.

"జాన్సన్ రాయి మరువలే. రాయి పెట్టుడు డ్రైవరు పని గాదు. ఆయన హ్యాండ్‌బ్రేకు గుంజిండు, గుంజినంక బండి ఆగాలె. గంతే. నా నోటితోనే ఆయన పేరు ఖరాబైంది. ఎవ్వరు రాకున్నా నేనొక్కన్నే కోర్టుకు పోత."

"ఒక్కనివి ఎందుకు పోతవ్?" అంది కోమల. ఎవరూ కాదనలేదు. రామచంద్రం మాత్రం ఆలోచించి చెప్తానన్నాడు.

కరీంనగర్ నుంచి వకీలు తహసీన్ వచ్చింది. రాళ్లు లేకుండా మళ్లీ పరీక్ష పెట్టమన్నది. ఈసారి ఏటవాలు కింద, గోడకు అడ్డంగా ఇసుక కుప్ప పోయించారు. పంక్చర్ షాపు నుంచి జాన్సన్‌ను జబ్బారే వెంటబెట్టుకొచ్చి, అందరి ముందు తాళం చెవి అతని చేతిలో పెట్టాడు.

"నేనా, భాయ్?"

"నువ్వే. ఆ దినం ఎట్ల ఆపినవో గట్లనే ఆపు."

జాన్సన్ చొక్కాకు చేతులు తుడుచుకుని లారీ ఎక్కాడు. లోడుతో తిన్నగా ఏటవాలు మీదికి తెచ్చి ఆపి, హ్యాండ్‌బ్రేకు గుంజి, కుంటుకుంటూ దిగి దూరం జరిగాడు. జబ్బార్ చేతులు ఆత్రపడుతుంటే వాటిని చంకల్లో దాచుకున్నాడు. అజీజా అతని రాయిని తన చున్నీ కింద పట్టుకుని నిలబడింది, అతన్ని నమ్మలేక.

లారీ కాసేపు నిలబడింది. తర్వాత మెల్లగా, ఎవరో పిలిచినట్టు వెనక్కి బయలుదేరి, జారి జారి ఇసుకలో కూరుకుపోయింది.

ఒక్కసారిగా ఈలలు, కేకలు. తహసీన్ వీడియో ఆపి ఇది చాలంది. రామచంద్రం బొట్టు పెట్టిన రాయిని తెచ్చి ఆమె కారు పక్కన దింపి, "ముందుగాల నా పేరు రాయుండ్రి మేడం, సాక్ష్యానికి నా రాయి గూడ తీసుకపోండ్రి" అన్నాడు. కోర్టులో ఎన్నాళ్లు పడుతుందో, కంపెనీ ఏం చేస్తుందో ఎవరికీ తెలియదు. అయినా అక్కడున్నవాళ్లు సగం గెలిచినట్టే ఉన్నారు.

జాన్సన్ మాత్రం ఎక్కడ నిలబడ్డాడో అక్కడే నిలబడి వెక్కి వెక్కి ఏడుస్తున్నాడు. ఇన్నాళ్లూ తనే తప్పు చేశానని తను కూడా నమ్మాడు, పాపం. జబ్బార్ దగ్గరికి వెళ్లి భుజం మీద చెయ్యి వేశాడు. ఆసుపత్రిలో అడగవలసిన మాట అప్పుడు అడిగాడు.

"కాలు ఎట్లున్నది, జాన్సన్?"

జాన్సన్ మోచేత్తో కళ్లు తుడుచుకున్నాడు. "నొస్తది, భాయ్. క్లచ్చు తొక్కితే జర ఎక్కువ నొస్తది."

"అయితే లోడు దింపేదాంక నేను తోలుత. ఖాళీ బండి ఇంటిదాంక నువ్వు తోలు" అన్నాడు జబ్బార్. "రేపటి సంది బండి నీదే. రాయి నాది."