గట్టిమేళం

నా పెళ్లికి ముహూర్తం పెట్టుకున్నాక మా నాయన ముఖం కుడివైపు పడిపోయింది. పొద్దున నోరు పుక్కిలిస్తుంటే నీళ్లన్నీ ఒక మూల నుంచి కారిపోయాయి. తిరువొత్తియూరులో తాతల నాటి నుంచి నాదస్వరం వాయించే ఇల్లు మాది. నవ్వు వంకరైతే ఏదో సర్దుకుంటాం, పెదవులు బిగవకపోతే వాద్యం పలకదు. నా తాళి వేళకు తానే వాయించాలని ఆయన ఎన్నాళ్లుగానో కలలు కన్నాడు.

ఆసుపత్రిలో ముఖం నరం వాచిందని మాత్రలిచ్చారు. వాటితో తెమలక వ్యాసర్పాడిలో చైనా పద్ధతిలో సూదులు గుచ్చే డాక్టరమ్మ దగ్గరికి ఆటోలో తీసుకుపోయేదాన్ని. చెంప మీద, కణత దగ్గర, బొటనవేలి పక్కన సన్నని సూదులు. ఇంట్లో అందరినీ కసిరే మనిషి ఆ బల్ల మీద ఉలుకూ పలుకూ లేకుండా పడుకునేవాడు. చూడలేక బయటకు వచ్చేసేదాన్ని.

"కొన్నాళ్లు ఊదొద్దు, నరానికి విశ్రాంతి కావాలి," అందామె. ఆయన వింటేనా! తెల్లవారుజామున సాధన మానితే విద్య అలిగి పోతుందని నమ్మకం. చెంపను అరచేత్తో అదిమిపట్టి, వాద్యానికి తగిలించకుండా దాని కొసన ఉండే రెల్లు పీకను ఒక్కదాన్నే నోట పెట్టుకుని ఊదేవాడు.

"వద్దంటే వినవా నాయనా?"

"నువ్వు ఊరకుండు మే. ఇప్పుడు గాలి నిలస్తా ఉండాది," అనేవాడు.

నిలిచేది కాదు.

అన్నాళ్లూ మూయరాని కుడికన్ను పెళ్లినాటికి మూతపడుతోంది, నవ్వు కాస్త కుదురుకుంది. అందరూ నయమైపోయిందనే అనుకున్నారు. పురోహితుడు చెయ్యెత్తి "గట్టిమేళం!" అన్నాడు. తాళి కట్టే క్షణాన తుమ్మో చెడ్డమాటో చెవిన పడకూడదని డోలు దద్దరిల్లేలా వాయిస్తారు. నాయన రెండు చేతులూ వాద్యం మీద ఉన్నాయి. చెంప పట్టుకోవడానికి ఇంకో చెయ్యి లేదు. తల వంచుకున్న నాకు ఒక్క స్వరం వినబడింది, తర్వాత ఉత్త గాలి. పక్కన డోలు వాయిస్తున్న మామ అది కనిపెట్టి ఇంకా గట్టిగా బాదాడు. నాయన ఆగలేదు, వేళ్లు ఆడిస్తూనే ఉన్నాడు.

అక్షింతలు వేస్తూ మేనత్త నా చెవిలో అంది. "ఆ సూదులు బలే పనిచేసినాయి మే! మీ నాయన ముందర మాదిరే వాయించినాడు."

అవునత్తా అన్నాను. పెళ్లికూతురు ఏడుస్తుంటే ఎందుకని ఎవరూ అడగరు. నన్నూ అడగలేదు.